64 కాలమ్‌ల ఫారం నింపాను, 61 దగ్గర ఆగిపోయాను. ఇంపాక్ట్ అంటే ఏం రాయాలి?

శుక్రవారం_భయం
ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఒక చిన్న సేవా సంస్థలో పని చేస్తున్నాను. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకి కంప్యూటర్, అకౌంట్స్ నేర్పిస్తాం. ఏడాది రిపోర్టు వచ్చే శుక్రవారంలోగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఫారంలో 64 కాలమ్‌లు. ఎన్ని బ్యాచ్‌లు, ఎన్ని గంటలు, ఎంతమంది, ఎన్ని ఫొటోలు (కనీసం ఆరు, అన్నిట్లో బ్యానర్ కనిపించాలి). అవన్నీ నింపేశాను. 61 దగ్గర ఆగిపోయాను: ‘కార్యక్రమం వల్ల కలిగిన ప్రభావం (సంఖ్యలో)’.

పోయినేడు మా సార్ అక్కడ 118 కొట్టారు. 118 అంటే కోర్సు పూర్తి చేసినవాళ్లు. అదే అంకె 12వ కాలమ్‌లో కూడా ఉంది. ఇదేంటని ఎవరూ అడగలేదు.

ఈ ఏడు ఒకమ్మాయి రెండు నెలలు వచ్చి మానేసింది. ఎందుకా అని ఫోన్ చేస్తే, నేర్చుకున్న కాస్త అకౌంట్స్‌తోనే ఒక గోడౌన్‌లో స్టాకు లెక్కలు రాసే పని దొరికిందట, క్లాసు టైము కుదరట్లేదట. మా రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన ఎర్ర ఇంకుతో ‘డ్రాపౌట్’ అని ఉంది. చివరిదాకా వచ్చిన ఇంకో అబ్బాయి సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఫారం లెక్కలో అతను ప్రభావం, ఆమె నష్టం.

ఇలాంటి రిపోర్టులు రాసేవాళ్లు, చదివేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 61లో ఏం రాయాలి?

గాలిపటం77
118 కొట్టి పడుకోండి.

రెండో_బెంచి
తప్పు. 126 కొట్టాలి. ఏటా ఎదుగుదల కనపడకపోతే గ్రాంటు ఎలా పెరుగుతుంది?

ఆడిటర్_అత్తయ్య
మీరు నవ్వులాటకి అన్నా చాలాచోట్ల జరిగేది అదే. ఇరవై ఏళ్లు సేవా సంస్థల ఖాతాలు చూశాను.

ఒకచోట మూడు నెలల హాజరు పట్టీ ముందు పెట్టారు. రోజూ ముప్పై సంతకాలు, ఒక్క గడి ఖాళీ లేదు. నిజంగా వాడిన రిజిస్టర్ ఎలా ఉంటుందో తెలుసా? అంచులు నలిగి ఉంటాయి. ఒకడు పొరపాటున పక్కవాడి గడిలో సంతకం పెట్టి కొట్టేసి ఉంటాడు. వాన పడ్డ రోజు సగం గళ్లు ఖాళీ. పెన్ను మధ్యలో అయిపోయి ఇంకు రంగు మారుతుంది. ఇది మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. పట్టుకున్నాను, రాశాను. అదేమంత కష్టం కాదు.

కష్టమైంది ఇంకోటి. అక్కడ ప్రతి వోచరూ నిజం, ప్రతి సంతకమూ నిజం, పైసా పక్కకి పోలేదు. కానీ ఏళ్ల తరబడి, ఎవరూ వాడని పాత సాఫ్ట్‌వేరే నేర్పుతున్నారు. ఆ సంస్థకి క్లీన్ రిపోర్టు ఇచ్చాను. ఇవ్వక తప్పదు. చెప్పిన పద్దు కిందే డబ్బు ఖర్చయిందా లేదా అన్నంతవరకే నా పని. పెట్టిన ఖర్చుకి ఏం ఒరిగిందని నన్నెవరూ అడగలేదు.

పాతపుస్తకం
అత్తయ్యగారు అసలు విషయం చెప్పేశారు. చేసిన పని వేరు, దానివల్ల వచ్చిన మార్పు వేరు. 12 అడిగేది మొదటిది, 61 అడిగేది రెండోది.

పైగా అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకుంటాం. లండన్‌లో కిడ్స్ కంపెనీ అని పిల్లల సంస్థ ఉండేది. 36,000 మందికి సాయం చేస్తున్నామని చెప్పుకునేది. 2015లో మూతపడింది. కనీసం 46 మిలియన్ పౌండ్ల ప్రజాధనం దానికి వెళ్లిందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. మూతపడ్డాక స్థానిక ప్రభుత్వాల చేతికి వచ్చిన కేసులు మాత్రం రెండు వేల లోపే.

నిమ్మళం
సగం చెప్పి వదిలేస్తే ఎలా? ఆ 36,000లో పిల్లలతో పాటు వాళ్ల కుటుంబాలనీ, బళ్లలో సిబ్బందినీ కూడా కలిపామని సంస్థ చెప్పుకుంది. ట్రస్టీలని అనర్హులుగా ప్రకటించాలని వేసిన కేసుని 2021లో హైకోర్టు కొట్టేసింది. డబ్బు ఎవరూ తినకపోయినా అంకె ఉబ్బుతుంది. ‘లబ్ధిదారు’ అంటే ఎవరో ముందే రాసుకోకపోతే చాలు.

పాతపుస్తకం
ఒప్పుకున్నాను. కోర్టు సంగతి నేనూ రాయాల్సింది.

బల్లకి_అటువైపు
నేను ఆ ఫారాలు తీసుకునే ఆఫీసులో పని చేస్తాను (మీ ఫారం మాది కాదులెండి, మాది 71 కాలమ్‌లు).

61 లాంటి కాలమ్‌ని మేం ఏం చేస్తామో చెప్పనా? అన్ని సంస్థల అంకెలూ కూడి ఒక్క అంకె చేసి పైకి పంపుతాం. ఒకే మనిషి మూడు సంస్థల దగ్గరికి వెళ్తే ముగ్గురవుతాడు. ఒకళ్లు ‘ప్రభావం’ అంటే కోర్సు పూర్తి చేసినవాళ్లు అనుకుంటారు, ఇంకొకళ్లు కరపత్రం అందుకున్నవాళ్లు అనుకుంటారు. ఒక సంస్థ నాటిన మొక్కల లెక్క అందులో వేసింది. అదీ కలిసిపోయింది.

రెండో_బెంచి
మొక్కలు కూడా లబ్ధిదారులే కదండీ, నీళ్లు పోశారు.

బల్లకి_అటువైపు
నవ్వండి నవ్వండి. సిగ్గుపడే సంగతి ఇంకోటుంది. ఒక సంస్థ నిజాయితీగా ‘40 మంది చేరారు, 17 మంది మధ్యలో మానేశారు, కారణాలు ఇవీ’ అని రాసింది. వాళ్లకి సంజాయిషీ అడుగుతూ మెమో వెళ్లింది. నూటికి నూరు శాతం పూర్తి అని రాసిన సంస్థకి ఏ మెమో లేదు. మరుసటి ఏడు ఆ మొదటి సంస్థ కూడా నూటికి నూరు రాసింది. వాళ్లకి అబద్ధం నేర్పింది మేమే.

వీధిచివర_లైటు
నేను ఈ ఫారాలకి అటు చివర ఉన్నవాణ్ని. కొన్నేళ్ల కింద ఇలాంటి శిక్షణే తీసుకున్నాను. చివరి రోజు సర్వే చేసింది ఎవరనుకున్నారు? మాకు పాఠం చెప్పిన మేడమే. ప్యాడ్ మీద కాగితం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. ‘శిక్షణ ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు.’ పర్వాలేదు కింద గడే లేదు. మా తమ్ముడు తర్వాతి బ్యాచ్‌లో సీటు కోసం బయట బెంచీ మీద ఉన్నాడు. నేనేం చెప్పి ఉంటానో ఊహించుకోండి.

ఆ మేడం మంచావిడే. అందుకే ఇంకా చెప్పలేకపోయాను.

పాతపుస్తకం
ఇది చదవగానే ఒక పాత అధ్యయనం గుర్తొచ్చింది. అమెరికాలో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు పక్కపక్క ఊళ్లలో 1939లో మొదలైంది. 506 మంది మగపిల్లలని ఈడూ జోడూ చూసి జతలు కట్టారు. ఒక్కో జతలో ఎవరికి సాయం అందాలో నాణెం ఎగరేసి తేల్చారు. సాయమంటే కౌన్సిలర్లు ఇళ్లకి రావడం, ట్యూషన్లు, వేసవి శిబిరాలు. పిల్లలు తప్పుదారి పట్టకూడదని.

ముప్పై ఏళ్లు గడిచాక జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లని వెతికి పట్టుకుంది. ఆ ఫలితాలు 1978లో అచ్చయ్యాయి. సాయం అందుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ‘మాకు మేలు జరిగింది’ అన్నారు. నాణెం అటు పడ్డ రెండో సగంతో పోల్చి చూస్తే నేరాలు తగ్గలేదు సరికదా, తాగుడు, మానసిక జబ్బుల లాంటి కొన్ని విషయాల్లో సాయం అందినవాళ్ల పరిస్థితే అధ్వాన్నంగా ఉంది. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లకి నిజంగా అలాగే అనిపించింది.

గాలిపటం77
అమ్మో. ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టిన కాగితాలకి విలువ లేనట్టేనా అయితే?

నిమ్మళం
విలువ ఉంది, వేరే పనికి. గది ఎలా ఉంది, టీచర్ అర్థమయ్యేలా చెప్పారా, మర్యాదగా చూశారా అన్నవి వాళ్లనే అడగాలి. జీవితం మారిందా అన్నది ఆ చివరి రోజు సాయంత్రం ఎవరికి తెలుస్తుంది?

లెక్కతేలని_మనిషి
నేను మొదటి పోస్టు నుంచి ఇక్కడికే వద్దామని చూస్తున్నా. శుక్రవారంగారు 118 మందిలో 60 మందికి పని దొరికిందని రాశారనుకుందాం. అందులో మీ క్లాసు వాటా ఎంత? మీ దగ్గరికి రాకపోయినా 50 మందికి దొరికేదేమో. పోల్చడానికి ఇంకో గుంపు లేకుండా రాసే అంకె ఏదైనా ఊహే.

కెన్యాలో బళ్లకి పాఠ్యపుస్తకాలిచ్చి పరీక్షించారు. మైకేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్త, ఇంకొందరు చేసిన పని. పుస్తకం ఇస్తే మార్కులు పెరగవా అని ఎవరైనా అంటారు. సగటు మార్కులు పెరగలేదు. ముందే బాగా చదివే పిల్లలకి మాత్రం ఉపయోగపడింది. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష, అందుకే అందలేదని వాళ్ల వివరణ. ‘పంచిన పుస్తకాలు: ఇన్ని’ అన్న కాలమ్‌లో ఇది ఎక్కడ కనిపిస్తుంది?

చీమలదండు
క్రెమర్‌కి నోబెల్ వచ్చింది, 2019లో. మా ఆఫీసులో ఉన్నది నేనూ, ఇంకో అమ్మాయి, ఒక ప్రింటర్. ప్రింటర్ చెడిపోయి రెండు వారాలైంది.

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఫాలోఅప్ ఫోన్లకి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. గ్రాంటులో దానికి పద్దు ఉండదు. ఉన్నా, ఆఫీసు ఖర్చు కింద పడిందని మీలాంటివాళ్లే ‘డబ్బంతా ఆఫీసుకే పోతోంది’ అంటారు. ఆఫీసు ఖర్చు శాతం చూసి సంస్థల్ని తూకం వేయొద్దని గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్ లాంటి, సేవా సంస్థల వివరాలూ రేటింగ్‌లూ ఇచ్చే అమెరికా సంస్థలే 2013లో బహిరంగ లేఖ రాశాయి. ఆ శాతాలు జనానికి అలవాటు చేసినవాళ్లలో అలాంటి సంస్థలూ ఉన్నాయి. పన్నెండేళ్లు దాటినా ఫారాల్లో మొదటి కాలమ్ అదే.

ఆడిటర్_అత్తయ్య
చీమలదండు, నీ మాట నిజం. గ్రాంటు మంజూరు చేసేటప్పుడే కొలతకి కొంత విడిగా తీసిపెట్టాలి. చివర్లో ‘రిపోర్టు ఏదీ’ అంటే ఎక్కణ్నుంచి తెస్తారు?

ఒంటికన్ను_కాకి
అందరూ ‘ఉద్యోగాలు వచ్చినవాళ్లని లెక్కపెట్టండి’ అనే వైపు పోతున్నారు. ఆగండి. అదీ చేసి చూశారు. అమెరికాలో 1982లో ఉద్యోగ శిక్షణ చట్టం ఒకటి వచ్చింది, జేటీపీఏ అనేవారు. ఎంతమందికి పని దొరికింది, ఎంత జీతం అన్నవి పెట్టి కేంద్రాలకి మార్కులేసేవారు. కేంద్రాలు ఏం చేస్తాయి? రేపో మాపో ఎలాగూ పని దొరికేవాణ్ని చేర్చుకుంటాయి. అవసరం ఎక్కువున్నవాణ్ని చేర్చుకుంటే మార్కులు పోతాయి కదా. మీగడ తీసుకోవడమని దానికో పేరు కూడా ఉంది. తర్వాత హెక్‌మన్ అనే ఆర్థికవేత్త, ఇంకొందరు లెక్కలు చూస్తే, ఆ తొందర మార్కులకీ దీర్ఘకాలంలో శిక్షణ చేసిన మేలుకీ పొంతన చాలా తక్కువని తేలింది.

నేను పనిచేసిన చోట కూడా ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న, ‘మీవాళ్లెవరైనా పని ఇప్పించగలరా?’ ఇప్పించగలిగితే సీటు.

బల్లకి_అటువైపు
మా దగ్గరా ఇదే. టార్గెట్ పెట్టిన మర్నాడు నుంచి ఆ అంకె నమ్మదగ్గది కాకుండా పోతుంది.

సంతకం_ఇక్కడ
మరీ అంత నిరాశ అక్కర్లేదు. న్యూజిలాండ్‌లో చిన్న సేవా సంస్థలకి 2015 నుంచి, పెద్దవాటికి 2022 నుంచి జమాఖర్చులతో పాటు సేవల నివేదిక కూడా తప్పనిసరి. ఏం సాధించడానికి ఉన్నాం, ఈ ఏడాది ఏం చేశాం, దాన్ని ఎలా కొలిచాం అన్నది. ఏ కొలత వాడాలో చాలావరకు సంస్థే ఎంచుకుంటుంది. పైనుంచి 64 కాలమ్‌లు రుద్దరు.

లెక్కతేలని_మనిషి
సంస్థే ఎంచుకుంటే తనకి అనుకూలమైనదే ఎంచుకుంటుంది. ఈ ఏడు ఒక కొలత, బాగా రాకపోతే వచ్చే ఏడు ఇంకోటి.

సంతకం_ఇక్కడ
అందుకే ముందే రాసివ్వాలి. ఏడాది మొదట్లోనే ‘మేం ఇది కొలుస్తాం’ అని. మార్చితే ఎందుకు మార్చారో చెప్పాలి.

గాలిపటం77
ఇంతసేపూ జోకులేశాను, ఒక పనికొచ్చే మాట చెప్తా. ప్లేపంప్ గుర్తుందా? పిల్లలు రంగులరాట్నం తిప్పితే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. ఆఫ్రికాలో వేల సంఖ్యలో పెడతామని 2006లో అమెరికా ప్రభుత్వం, కేస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ కలిసి 16.4 మిలియన్ డాలర్లు ప్రకటించాయి. అనుకున్నంత మందికి నీళ్లందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని తర్వాత ఒక పత్రికలో లెక్కగట్టారు.

రెండో_బెంచి
హోంవర్క్‌కి టైమెక్కడిది మరి.

గాలిపటం77
అసలు మాట వినండి. 2010లో కేస్ ఫౌండేషన్ వాళ్లు ‘మేం అనుకున్నది కాలేదు’ అని బయటికే రాశారు. డబ్బిచ్చినవాళ్లు ఒప్పుకున్నారు, అదీ విశేషం. కెనడాలో ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సేవా సంస్థ అయితే 2008 నుంచి ‘వైఫల్యాల నివేదిక’ అని వేరే అచ్చేసింది. మనవాళ్లు తప్పు ఒప్పుకోవాలంటే ముందు ఇచ్చేవాడు ఒప్పుకోవాలి.

బల్లకి_అటువైపు
మా పైవాళ్లకి ఇది ప్రింట్ తీసి ఇవ్వనా వద్దా అని ఆలోచిస్తున్నా. వద్దులెండి, ఇంకా పదేళ్ల సర్వీసుంది.

నిమ్మళం
శుక్రవారంగారు, మీకు పనికొచ్చేది ఒకటి చెప్తాను. ఈ ఏడాది బ్యాచ్ గురించి ఇప్పుడేం తెలీదు, వాళ్లు పోయిన నెలేగా బయటికి వచ్చారు. పోయినేడు బ్యాచ్‌కి ఫోన్ చేయండి. అందరికీ కుదరకపోతే జాబితాలో ప్రతి మూడో పేరు. బాగా మాట్లాడేవాళ్లని ఏరుకోకండి. మానేసినవాళ్లని కూడా కలపండి. వీధిచివర_లైటు చెప్పినట్టు పాఠం చెప్పినవాళ్లు ఫోన్ చేయకూడదు.

వీధిచివర_లైటు
‘మీరేం చెప్పినా మీకుగానీ మీవాళ్లకిగానీ సీటు పోదు’ అని మొదటే చెప్పమనండి. అదొక్కటి చెప్పి ఉంటే నేను నోరు విప్పేవాణ్ని.

చీమలదండు
ప్రశ్నలు మూడు దాటకండి. మాకు ఒకసారి 48 ప్రశ్నల సర్వే ఇచ్చారు. ఇరవయ్యో ప్రశ్నకి అవతలివాళ్లు అన్నిటికీ ‘ఆ ఆ’ అంటున్నారు.

లెక్కతేలని_మనిషి
ఇది పోల్చి చూడటం కాదు, అయినా 118 కంటే నయం. వచ్చే ఏడు సీట్ల కంటే ఎక్కువ మంది దరఖాస్తు చేస్తే చీటీలు తీయండి. సీటు రానివాళ్ల ఫోన్ నంబర్లు దాచుకుని ఏడాది తర్వాత వాళ్లకీ ఫోన్ చేయండి. పోల్చడానికి గుంపు దానంతటదే తయారవుతుంది. పెద్ద ఖర్చేం లేదు.

చీమలదండు
మనుషుల బతుకులకి చీటీలా? బాగా అవసరమున్నవాళ్లని పక్కన పెట్టి?

లెక్కతేలని_మనిషి
ఇప్పుడెలా ఇస్తున్నారు? ముందొచ్చినవాళ్లకి ముందు. అంటే కబురు ముందు తెలిసినవాడికి, బండి ఉన్నవాడికి. దానికన్నా చీటీ న్యాయం కాదూ? మరీ అవసరమున్నవాళ్లకి నేరుగా సీటివ్వండి, మిగతా సీట్లకే చీటీ.

చీమలదండు
ఊఁ. ఒప్పుకోలేను, కాదనడానికి మాటా దొరకట్లేదు.

శుక్రవారం_భయం
ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. ఏం చేశానో చెప్తాను.

పోయినేడు కోర్సు పూర్తి చేసినవాళ్ల జాబితాలో ప్రతి మూడో పేరు తీస్తే 39 మంది వచ్చారు. మా అకౌంటెంట్ భార్య మూడు సాయంత్రాలు కూర్చుని ఫోన్లు చేసింది, ఆవిడెవరో పిల్లలకి తెలీదు. 31 మంది ఎత్తారు. 14 మంది ఏదో ఒక పని చేస్తున్నారు. వాళ్లలో ఐదుగురు ‘క్లాసుకి రాకపోయినా ఆ పని దొరికేదే, మా మావయ్య పెట్టించాడు’ తరహాలో చెప్పారు. మానేసినవాళ్లకి విడిగా చేశాం, 22 మంది ఉంటే 13 మంది ఎత్తారు, నలుగురు నేర్చుకున్నది వాడుతున్నారు. ఎక్కువమంది మానేసింది సాయంత్రం క్లాసు టైము వల్ల. మూడేళ్లుగా ఆ టైము మార్చలేదు మేము, ఎవరూ అడగలేదని.

ఒక అబ్బాయి ‘సీటు పోదు’ అన్న మాట విని, ‘అయితే చెప్తానండి, ఆరు కంప్యూటర్లలో రెండే పని చేసేవి’ అన్నాడట. రిపోర్టులో ఆరు అనే రాశాం.

లెక్కతేలని_మనిషి
‘రాకపోయినా దొరికేది’ అని ఎవరి నోటితో వాళ్లని అడిగితే కచ్చితంగా రాదు. కేంబ్రిడ్జ్ పిల్లల్ని చూశాం కదా. అది కూడా రాయండి.

శుక్రవారం_భయం
రాశాను. ఒక పేజీ విడిగా జత చేశాను: ఎవరికి చేశాం, ఎంతమంది ఎత్తలేదు, ఏం అడిగాం, ఇది ఎంతవరకు నమ్మొచ్చు. ఈ రోజు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ‘పూర్తి చేసినవాళ్లలో ఎనిమిది మంది ఫోన్ ఎత్తలేదని రాశారేంటమ్మా, అది అవసరమా?’ అన్నారు. ఉంచేయండి సార్ అన్నాను. సరే అని పెట్టేశారు. మెమో వస్తుందేమో చూడాలి.

బల్లకి_అటువైపు
ఆ పేజీ పేర్లు తీసేసి నాకు పంపగలరా? మా ఫారం వెనక జత చేయించే ప్రయత్నం చేస్తాను. 71 కాలమ్‌లు తగ్గించడం నావల్ల కాదు, 72వది పెట్టడం అవుతుంది.

రెండో_బెంచి
అదంతా సరే, ఇంతకీ 61లో ఏం కొట్టారు?

శుక్రవారం_భయం
ఆ గడిలో అక్షరాలు పడవు, అంకెలే పడతాయి. 9 కొట్టాను. పనిలో ఉన్న 14 మందిలో మావయ్యల కేసులు తీసేస్తే మిగిలింది. పోయినేడు 118, ఈ ఏడు 9. సార్ రెండు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు.